కెమెరా అడిగిన అంకె

రోమర్ట్ రెండు లెన్సుల్నీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి, వాటి కింద దుమ్ము పట్టిన చోటును మోచేత్తో తుడిచాడు. ఒకటి జర్మన్‌ది. నల్లగా, లావుగా, ఒంటి చేత్తో ఎత్తబోతే మణికట్టు పట్టేసేంత బరువు. రెండోది జపాన్‌ది. పెద్దింటి పెళ్ళికొచ్చిన పేదింటి చుట్టంలా దాని పక్కన ఒదిగి నిలబడింది. రెండింటి మీదా చెక్కిన పొడవు అంకె మాత్రం ఒకటే, మూడు వందలు. రెండూ, ఎదురుగా నిలబడ్డ హింకె పెళ్ళయిన కాలంనాటి సరుకు.

"చూస్తూ నిలబడితే ఏం తెలుస్తుంది పిల్లా, చేతిలోకి తీసుకో," అన్నాడు.

అరవై దాటిన హింకెను పిల్లా అని పిలిచే మనిషి లేవార్డెన్ ఊరు మొత్తానికి ఆయనొక్కడే. ఎనభై ఏళ్ళు పైబడినా కొట్టు మూయకుండా, కాలవ వెనకాల సందులో ఎవరికీ అక్కర్లేని కెమెరాల మధ్య కూర్చుని ఉంటాడు. అక్కర్లేనివని ఆయన ముందు అనకూడదు. అన్నవాళ్ళకు ఆ కొట్లో మరి బేరం లేదు.

హింకె ముందు జపాన్‌ది తీసుకుని ఫోకస్ కట్టు తిప్పింది. మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగింది. దాన్ని దించి జర్మన్‌ది ఎత్తి, దాని పొట్టను ఎడమ అరచేతిలో ఆనించుకుంది. దీని కట్టు బిగువుగా ఉంది. పైగా తిరిగే దిక్కు వేరు. అక్కడ దూరమయ్యేది ఇక్కడ దగ్గరవుతోంది.

"నాలుగు రోజులు తిప్పితే దిక్కు అదే అలవాటవుతుంది," అన్నాడు రోమర్ట్. "చలికి గ్రీజు గట్టిపడుతుంది. పొద్దున్నే కాసేపు కోటు లోపల పెట్టుకుని వెచ్చబెట్టు. ఇంతకీ దేన్ని తీస్తావు?"

"పక్షి కాళ్ళని."

"ముఖం అక్కర్లేదా?"

"ముఖాలన్నీ ఒకటే. పేర్లు కాళ్ళకుంటాయి."

ఆమె వేళాకోళం ఆడలేదు. ఏటా వసంతంలో ఆఫ్రికా నుంచి వచ్చి తమ ఫ్రీస్‌లాండ్ సీమ పచ్చికల్లో గుడ్లు పెట్టే పొడుగు ముక్కు పక్షులు గ్రుట్టోలు. వాటిలో కొన్నిటిని పట్టుకుని కాళ్ళకు రంగు రంగుల చిన్న కడియాలు తొడిగి వదిలేస్తారు. ఎడమ కాలికి పైన పసుపు, కింద ఎరుపు, కుడికాలికి పైన నీలం, కింద తెలుపు, ఇలాగ. ఆ రంగుల వరసే ఆ పక్షి పేరు. ఊరూరా ఉన్న పక్షి కాపుదల సంఘాల వాళ్ళు దూరాన్నించి ఫోటో తీసి, రంగులు చదివి, ఈ ఏడు ఎవరు తిరిగొచ్చారో ఎవరు రాలేదో తేలుస్తారు. ఒక్క రంగు తప్పు చదివితే ఇంకొకరి పేరు పలికినట్టే.

రోమర్ట్ చిన్న టార్చి వెలిగించి ఒక్కొక్క లెన్సునూ వెనక నుంచి చూపించాడు. జపాన్‌దాని లోపల ఒక మూల సన్నటి బూజు పోగు ఉంది.

"ఇది ఫోటోలో కనపడదు. కనపడేది వేరే ఉంది. ఎండలో తెల్లటి వస్తువు తీస్తే అంచున ఊదారంగు గీత వస్తుంది. జర్మన్‌దానికి ఆ జబ్బు లేదు. ఉన్న రంగు ఉన్నట్టు చెప్తుంది, కానీ మెడ విరుస్తుంది. నన్నడిగితే తేలికది తీసుకో."

"బరువుదైతే చేతిలో కదలకుండా కూర్చుంటుందంటారుగా."

"కుర్రవాళ్ళ చేతిలో కూర్చుంటుంది."

"నా చెయ్యి వణుకుతోందిట," అంది హింకె, లెన్సు మీంచి చూపు తిప్పకుండా. "అందుకే అడుగుతున్నా."

"ఎవరన్నారు?"

"అందరూ."

"అందరూ అంటే?"

"సీప్," అంది. "అతనంటే చాలదూ. మిగతావాళ్ళు తలకాయలూపారు."

సీప్, హింకె ఉండే పల్లెటూరి పక్షి సంఘానికి అధ్యక్షుడు. రోమర్ట్‌కీ తెలిసినవాడే. నిరుడు హింకె పంపిన ఫోటోల్లో ఒక పక్షి జూన్ నెలలో ఊళ్ళో తిరుగుతున్నట్టు తేలింది. ఆ పక్షి అంతకు ముందే చలికాలంలో పోర్చుగల్ వరిపొలంలో చచ్చి పడి ఉంటే, కడియాలు తీసి ఎవరో పంపించారు. మసక ఫోటోలో తెలుపును పసుపనుకుంది హింకె. అప్పట్నించీ సంఘంలోని డౌవె అనే అతను ఎక్కడ కనపడినా, చచ్చినవాళ్ళని లేపే మనిషివి, మా అత్తగారి జోలికి మాత్రం పోకు అంటాడు. దానికి ఆమె నవ్వేసింది. మార్చిలో సీప్ ఆమె పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, ఈ ఏడు నువ్వు కాఫీ సంగతి చూసుకో, కరకట్ట కింది పచ్చిక డౌవె చూస్తాడులే అన్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు. పాతికేళ్ళుగా అది ఆమె పచ్చిక. ఈ శుక్రవారం సమావేశంలో ఎవరి పచ్చిక ఎవరిదో ఖాయం చేస్తారు. ఆ లోపల అనుమానం లేని ఫోటోలు నాలుగు చూపించగలిగితే ఆమెదే. లేకపోతే కాఫీ.

"రెండూ పట్టుకుపో," అన్నాడు రోమర్ట్. "నచ్చనిది శనివారం తెచ్చి పడెయ్."

* * *

మర్నాడు వంతెన మీద హింకె పని. వంతెన అంటే మరీ పెద్దదేమీ కాదు. పడవ వస్తే ఎత్తాలి, పోయాక దించాలి, మధ్యలో అటూ ఇటూ ఆగిన కార్లవాళ్ళ ముఖాలు చూడకుండా ఉండాలి. ఆ ఊళ్ళో ఇప్పటికీ పడవ వాళ్ళు ఇచ్చే సుంకాన్ని చెక్కచెప్పులోనే తీసుకుంటారు. గాలం కర్ర చివర తాడు, తాడు చివర చిన్న చెక్కచెప్పు. వంతెన పక్కన నిలబడి ఆ చెప్పును ఊపి, కదిలిపోతున్న పడవ నడిపేవాడి చేతికి అందించాలి. తొందరపడితే వాడి నెత్తికి తగులుతుంది. ఆలస్యమైతే పడవ దాటిపోతుంది.

తెల్లటి తెరచాప పడవ ఒకటి వచ్చింది. నడిపేవాడు ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చెయ్యి గాల్లోకి చాపాడు. హింకె కర్రను ఒక్కసారి ఊపింది. చెప్పు వెళ్ళి అతని అరచేతిలో కూర్చుంది.

"గురి తప్పదే నీకు," అన్నాడతను, నాణెం వేస్తూ.

"నీ తల పెద్దది కాబట్టి జాగ్రత్తగా ఊపుతున్నా," అంది హింకె.

పడవ వెళ్ళిపోయాక ఆమె కర్రను దించకుండా అలాగే చాపి పట్టుకుని చివర చూసింది. చెప్పు గాలికి మెల్లగా ఊగుతోంది. అది గాలో తనో తెలియలేదు. ఆమె నాన్న చివరి రోజుల్లో సాసరు మీద కప్పు పెడితే వంటింట్లోకి చప్పుడు వినపడేది. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. సీప్ పేరు పెట్టి అనకపోయినా, నాన్న పోలిక అని అందరి మనసులోనూ ఉంది. నిజం చెప్పాలంటే ఆమె మనసులోనూ ఉంది.

పడవలు లేనప్పుడు కాపలా గదిలో కూర్చుని లెన్సులు మార్చి మార్చి చూసింది. ముందు జపాన్‌ది బిగించి కెమెరా ఆన్ చేసింది. చెయ్యగానే అది తెర మీద ఎప్పటిలాగే ఏదో అడిగింది. కెమెరాలు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాయి. తేదీ అడుగుతాయి, ఊరు అడుగుతాయి. చేత్తో తిప్పే లెన్సులవాళ్ళు ఆ మాటలు పట్టించుకోరు. చెయ్యాల్సిందంతా లెన్సు మీదే ఉంటుంది, యంత్రంతో పనేముంది అని వాళ్ళ ధీమా. హింకె బొటనవేలితో సరే అని నొక్కేసి కెమెరా కంటికి ఎత్తుకుంది.

చర్చి గోపురం మీది ఇత్తడి కోడిపుంజును చూసింది. కట్టు తిప్పుతూ పోతే పుంజు మసకలోంచి తేరుకుని, తోక ఈకలు వేరు వేరుగా కనపడ్డాయి. అక్కడ ఆపి, ఊపిరి బిగబట్టి నొక్కింది. తెర మీద చూస్తే పుంజుకు రెండు ముక్కులు. మళ్ళీ తీసింది. ఈసారి తోక చెదిరింది. జర్మన్‌ది బిగించి, మోచేతులు కిటికీ గట్టుకు ఆనించి తీసింది. రంగు బాగుంది. ఎంత బాగున్నా పుంజులు రెండే.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆమె భర్త యోర్ట్ బంగాళాదుంపలు, ఎర్ర క్యాబేజీ ఉడికించి పెట్టాడు. ఊళ్ళో రొట్టెల కొట్టు నడిపి మానేసిన మనిషి. చేతులు ఖాళీగా ఉంటే ఉండలేడు. బల్ల మీద రెండు లెన్సులూ చూసి, జర్మన్‌దాన్ని ఎత్తి బరువు తూచినట్టు ఆడించాడు.

"రొట్టెపిండి కలిపే రోజుల్లో ఇది ఉండుంటే బాగుండేది. పిండి అణగ్గొట్టడానికి," అన్నాడు.

"ఇటివ్వు."

"కుదిరిందా ఏదైనా?"

"రెండూ ఒకటే. లోపం లెన్సుల్లో లేదు."

యోర్ట్ ఆమె కంచంలో దుంపలు వేశాడు. కాసేపు ఇద్దరూ తిన్నారు.

"చెయ్యి చాపు," అన్నాడు.

ఆమె ఫోర్కు దించి చాపింది. అతను ఆ చెయ్యి మీద ఒక కాగితం వేసి, పక్కకు ఒంగి చూశాడు. కాగితం అంచు కొంచెం కదిలింది.

"కదిలింది," అంది ఆమె.

"నేను ఊపిరి వదిలాను."

"వదలకుండా చూడు."

"చచ్చిపోతా."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. అతను లేచి అలమర కింద తడిమి, ఎండు బఠాణీల పొట్లాలు తీసి, పాత దిండు గలీబులోకి వంచి, మూతి కుట్టడానికి సూదీ దారం వెతుక్కున్నాడు.

"గేటు మీద ఈ మూట వేసి దాని మీద పెట్టుకో. చేతుల పని తగ్గుతుంది. అయ్యాక సూపు చేసుకుందాం."

హింకెకు అప్పుడు అతని మీద ప్రేమ కలిగింది. దానితో పాటు, చేతుల పని తగ్గించాల్సిన రోజు వచ్చిందన్న దిగులు కూడా కలిగింది.

* * *

బుధవారం ఆమెకు సెలవు. సైకిలు వెనక సంచుల్లో ఒక పక్క లెన్సులు, ఒక పక్క బఠాణీల మూట వేసుకుని కరకట్ట కిందికి వెళ్ళింది. సముద్రం వైపు నుంచి గాలి విసురుగా లేదు. పచ్చికలో గడ్డి మోకాలికి కిందే ఉంది. గ్రుట్టోలు అక్కడే ఉన్నాయి. ఒకటి కంచె గుంజ మీద ఎక్కి, ఊరందరికీ ఫిర్యాదు చెబుతున్నట్టు అరుస్తోంది. దాని కాళ్ళు పూర్తిగా బయట కనపడుతున్నాయి. అంత మంచి చోట నిలబడే పక్షి రోజూ దొరకదు.

హింకె గేటు మీద మూట పరిచి, మధ్యలో గుంట చేసి, జర్మన్‌దాన్ని అందులో పడుకోబెట్టింది. కెమెరా ఆన్ చేసింది, అడిగినదానికి సరే అంది, కట్టు తిప్పింది. బిగువు కట్టు వల్ల ఒక మేలుంది, ఆపినచోట ఆగుతుంది. కడియాల అంచులు తేరాయి. నొక్కింది.

మసక. పసుపో తెలుపో.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ మసక. జపాన్‌ది మార్చింది. అదీ అంతే. పక్షి మాత్రం కదలకుండా అరుస్తూనే ఉంది, ఇంత సేపు నిలబడ్డాను ఇంకేం కావాలి అన్నట్టుంది దాని వాలకం. హింకెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో తిరిగాయి. ఇక ఇంటికి పోవడమే అనుకుంది. పోయే ముందు, ఎంత వణుకుతోందో లెక్క తేల్చుకుందామని, జర్మన్‌దాన్ని మళ్ళీ బిగించి మూటలో లోతుగా నొక్కింది. నొక్కిన కొన్ని క్షణాలకు దానంతటదే తీసేలా కెమెరాను మార్చింది. గుంజ మీద ఫోకస్ కుదిర్చి, మీట నొక్కి, రెండు చేతులూ తీసి కోటు జేబుల్లో పెట్టుకుంది. అడుగు వెనక్కి కూడా వేసింది. కెమెరా ఎర్ర దీపాన్ని మిణుకుమనిపించి తనంతట తాను ఫోటో తీసింది.

తెర మీద గుంజ చెదిరిపోయి ఉంది. పక్షికి నాలుగు కాళ్ళు.

ఆమె చాలాసేపు దానికేసి చూసింది. జేబుల్లో ఉన్న చేతులు వణికి ఉండవచ్చు, కాదనలేం. గేటు మీదున్న కెమెరాను అవి వణికించలేవు కదా. అక్కడ ఆమె లేదు. మూట ఉంది, లెన్సు ఉంది, కెమెరా ఉంది. లెన్సు ఏదైనా ఒకటే తంతు. అంటే మిగిలింది కెమెరా.

దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేసింది. తెర మీద అడిగింది. బొటనవేలు అలవాటుగా మీట మీదికి పోతే వెనక్కి లాక్కుని, కొన్నాక మొదటిసారి ఆ ప్రశ్న చదివింది. లెన్సు పొడవెంత అని అడుగుతోంది. కింద ఒక అంకె, ఇదేనా అన్నట్టు. వెయ్యి.

హింకె గేటుకు ఆనుకుంది. ఆ కెమెరాకు ఒక గుణముంది, దాన్ని చూసే కొన్నది. చెయ్యి ఎటు వణికితే లోపల బొమ్మ పడే ఫలకాన్ని దానికి ఎదురు జరిపి వణుకును చంపేస్తుంది. ఎంత జరపాలో తెలియాలంటే లెన్సు పొడవు తెలియాలి. కొత్త లెన్సులు తమ పొడవు తామే చెప్పుకుంటాయి. పాతవి మూగవి. అందుకని మనిషిని అడుగుతుంది. ఆమెకు దీన్ని అమ్మింది స్నేక్ ఊరి మాస్టారు, టెలిస్కోపుకు తగిలించి చంద్రుణ్ణి తీసేవాడు. ఆయన పెట్టిన వెయ్యి అలాగే ఉంది. ఏడాది పాటు కెమెరా మర్యాదగా ఇదేనా అని అడిగింది, ఏడాది పాటు ఆమె సరే సరే అని నొక్కింది. గడ్డిపోచంత కదలికకు కూడా ఆ యంత్రం మూడింతలు ఎదురు జరిగి, లేని వణుకును తనే తయారు చేసింది.

అంకెను మూడు వందలకు దించింది. గుంజ మీది పక్షి ఎగిరిపోయి పచ్చిక అంచున గడ్డి లేని చోట దిగింది. ఆమె మూటను వదిలి, జర్మన్‌దాన్ని చేతుల్లోకి ఎత్తి, నిలబడి తీసింది.

కడియాలు నాలుగూ తేటగా ఉన్నాయి. ఎరుపు మీద ఎండిన బురద చుక్క కూడా కనపడింది. ఎడమకు పసుపు, ఎరుపు. కుడికి నీలం, తెలుపు. ఆ పేరును ఆమె పైకి చదివింది. రెండోసారి ఇంకా గట్టిగా చదివింది. చుట్టుపక్కల ఆవులు తప్ప ఎవరూ లేరు కాబట్టి సిగ్గుపడలేదు. అంత సంతోషం ఆమెకు ఈ మధ్య కలగలేదు.

ఆ తర్వాతనే లెన్సుల ఎంపిక మొదలైంది. మధ్యాహ్నం దాకా మార్చి మార్చి తీసింది. జపాన్‌దానితో ఎగిరే పక్షిని పట్టుకోవడం సులువు. నిజానికి అది మంచి లెన్సు. కానీ ఎండ ఎక్కాక రోమర్ట్ చెప్పిన ఊదా గీత తెల్ల కడియం అంచున వచ్చి కూర్చుంది. అలవాటు లేని కన్నయితే దాన్ని నీలం అనుకునే ప్రమాదముంది. తెలుపును తప్పు చదివి ఒకసారి తిన్న దెబ్బ చాలు. జర్మన్‌ది మెడ విరుస్తుంది, తెలుపును తెలుపంటుంది. విరిచేది తన మెడే కదా, విరవనీ అనుకుంది.

ఇంటికి పోతూ ఆమె మనసులో సీప్‌తో వాదన పెట్టుకుంది. కరకట్ట పొడవునా వాదన సాగింది. ఆ వాదనలో సీప్‌కు మాట్లాడే అవకాశం పెద్దగా రాలేదు.

* * *

సీప్ ఇల్లు ఊరి చివర. పాడి పశువుల్ని కొడుక్కి అప్పగించి, పక్కన చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. భార్య పోయి చాలాకాలమైంది. గురువారం పొద్దున కాఫీ వేళకు హింకె చెప్పకుండా వెళ్ళింది. వాళ్ళ ఊళ్ళో చెప్పకుండా వెళితే ఏదో జరిగిందని అర్థం.

"ఏమైంది?" అన్నాడు సీప్ తలుపు తీసి.

"నాకేం కాలేదు. అది చెప్పడానికే వచ్చా."

వంటింటి బల్ల మీద రెండు ఫోటోలు పరిచింది. రెండింటిలోనూ అదే పచ్చిక, అదే పక్షి, అదే లెన్సు. ఒకటి వెయ్యిది, ఒకటి మూడు వందలది. కెమెరా ఆన్ చేసి ప్రశ్న చూపించింది, అంకె చూపించింది, జేబుల్లో చేతులు పెట్టుకుని తీసిన ఫోటో సంగతి చెప్పింది. గొంతు పెంచకూడదనుకుంది కానీ చివరకొచ్చేసరికి పెరిగింది.

"నువ్వొక్కమాట అడగలేదు సీప్. ఏంటి ఇలా వస్తున్నాయి, కెమెరా ఓసారి చూపించు అని. అది ఎవరి చెయ్యనుకున్నావు, నాది కాదూ? వణుకుతోందని నువ్వే తేల్చేశావు. మా నాన్నను తల్చుకుని తేల్చేశావు."

సీప్ కళ్ళజోడు పెట్టుకుని ఫోటోలు చూశాడు. మంచిదాన్ని కాదు, మసకగా ఉన్నదాన్ని ఎక్కువసేపు చూశాడు.

"మీ నాన్నను తల్చుకుని కాదు," అన్నాడు.

"మరి?"

"తప్పు నాదే. రేపు సమావేశంలో చెప్తా. అందరి ముందూ చెప్తా. పచ్చిక నీది."

హింకె ఇంకా చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. అవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. గెలిచినట్టు అనిపించింది, అయితే గెలుపు ఇంత తొందరగా వస్తుందనుకోలేదు.

సీప్ లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగొచ్చినప్పుడు చేతిలో అతని కెమెరా ఉంది. ఆమెది ఏ కంపెనీదో అదే, అతను చెబితేనే ఆమె కొన్నది. దానికి తగిలించి ఉన్నది కూడా పాత లెన్సే, పొడుగుది. పైన దుమ్ము పేరుకుంది.

"నాదీ చూడు," అన్నాడు.

"ఎందుకు?"

"నీ ఫోటోలు చూసినప్పుడు నాకెందుకంత నమ్మకం కలిగిందనుకున్నావ్? నావీ అట్లాగే వస్తున్నాయి. రెండు ముక్కులు, నాలుగు కాళ్ళు. అందుకే తియ్యడం మానేశా. సంఘం పనులకే తీరిక లేదని చెప్పుకొచ్చా." కుర్చీలో కూర్చున్నాడు. "డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. దీని అంకె కొన్నప్పుడు కొట్టువాడు పెట్టిచ్చాడు. నేనూ నీలాగే, అడిగినప్పుడల్లా నొక్కేసేవాణ్ణి. చూడు."

ఆమెకు అర్థమైంది. అతని ముఖం కూడా చూసింది. డెబ్భై దాటిన ఆ ముఖంలో చిన్నపిల్లలు పరీక్ష ఫలితం కోసం నిలబడ్డప్పుడుండే ఆశ ఉంది. అప్పుడు హింకె మనస్ఫూర్తిగా కోరుకుంది. ఏదైనా ఉండనీ, వెయ్యి ఉండనీ, యాభై ఉండనీ అనుకుంటూ కెమెరా ఆన్ చేసింది.

తెర వెలిగింది. ప్రశ్న వచ్చింది. కింద నాలుగు వందలు.

లెన్సును తిప్పి దాని మెడ మీద చెక్కిన అంకె చూసింది. దుమ్ము తుడిచి మళ్ళీ చూసింది.

సీప్ కళ్ళజోడు తీసేసి ఉన్నాడు. బల్ల అవతలి నుంచి అతనికి ఏదీ కనపడదు. ఏ అంకె చెప్పినా నమ్ముతాడు, కనీసం ఈ వసంతం దాటేదాకా నమ్ముతాడు. ఆ ఊళ్ళో మనుషులు ఒకరితో ఒకరు మొహం మీదే మాట్లాడుకుంటారు, దానికి గొప్పలు కూడా చెప్పుకుంటారు. హింకె కూడా ఆ బాపతే. ఇప్పుడా అలవాటు ఆమెకు భారంగా తోచింది.

"ఎంతుంది?" అన్నాడు.

"నాలుగు వందలు."

"లెన్సు?"

"నాలుగు వందలే."

సీప్ తలూపాడు. కాసేపు కిటికీలోంచి కొడుకు ట్రాక్టరును చూశాడు.

"అంటే మనిద్దర్లో నువ్వు బాగున్నావన్నమాట," అన్నాడు.

కాఫీ పోయడానికి లేచాడు. కప్పులు సగానికే నింపాడు. రెండు చేతులతో ఒక్కొక్క కప్పే తెచ్చి పెట్టాడు. ఇన్నేళ్ళుగా వస్తూ పోతూ ఉన్నా హింకె అది ఎప్పుడు మొదలైందో గమనించలేదు.

"రేపు నువ్వేం చెప్పొద్దు," అంది. "నేనే ఫోటోలు చూపిస్తా. కొత్త లెన్సు కుదిరిందంటా, సరిపోతుంది. కెమెరా సంగతి తీశావంటే, మరి నీదీ చూసుకో అంటారు. డౌవె ఊరుకుంటాడా?"

"ఊరుకోడు."

"అందుకే అంటున్నా."

"అందరి ముందూ నిన్ను పక్కన పెట్టా. అందరి ముందే చెప్పాలి," అన్నాడు సీప్. "ఏది ఉంచుకుంటున్నావు, ఇంతకీ?"

"బరువుది."

"మంచి పని," అన్నాడు.

* * *

శుక్రవారం సమావేశానికి అందరూ వచ్చారు. చర్చి వెనక హాల్లో బల్లలు కలిపి వేశారు. కాఫీ హింకే కాచింది, మార్చిలో అప్పజెప్పిన పని కాబట్టి. యోర్ట్ నారింజ తొక్కల కేకు చేసి పంపాడు. మొదటి పచ్చగడ్డి కోత ఎప్పుడు, ఏ రైతు ఎన్ని గూళ్ళు వదిలి కోస్తానన్నాడు, ఇవన్నీ అయ్యాక సీప్ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ కుర్చీ వీపు మీద ఉన్నాయి.

"ఒక పొరపాటు సరిదిద్దాలి," అన్నాడు. "హింకె చెయ్యి వణుకుతోందని నేనన్నాను. వణకడం లేదు. కెమెరాలో లెన్సు పొడవు తప్పుగా ఉంది, దాంతో ఫోటోలు చెడ్డాయి. అడక్కుండా అన్నాను. తప్పు నాది."

ఫోటోలు చేతులు మారాయి. బురద చుక్క దగ్గర ఒకరిద్దరు ఆగి, మెచ్చుకున్నారు. ఏదో సందు దొరికితే చాలుననుకునే డౌవె కుర్చీ వెనక్కి వాల్చాడు.

"అంటే ఇక చచ్చినవాళ్ళు లేవరన్నమాట. నాకు నష్టమే," అన్నాడు. "అవునూ, సీప్, నీదీ ఆ కెమెరాయేగా? ఏడాది నుంచి నువ్వొక్క ఫోటో చూపించలేదు. నీది ఎంతలో ఉందో చూసుకున్నావా?"

హింకె కేకు కోస్తున్న కత్తి ఆపింది.

"చూశాం," అన్నాడు సీప్. "హింకే చూసింది. నాది సరిగ్గానే ఉంది."

హాల్లో అందరూ నవ్వారు. అధ్యక్షుడిది తప్పెందుకవుతుంది అన్నారెవరో. బడికెళ్ళే రోజుల్లో కూడా ఆయన అంతే అన్నారింకెవరో. డౌవె రెండు చేతులూ ఎత్తి ఒప్పేసుకున్నాడు. వాళ్ళతో పాటు సీప్ కూడా నవ్వాడు. అతనేం చెప్పాడో ఆ హాల్లో హింకె ఒక్కదానికే తెలుసు.

తర్వాత పచ్చికలు చదివారు. సీప్ ఒక్కొక్క పచ్చికా పేరూ చదవాలి, చూసుకునేవాళ్ళు ఒప్పుకున్నట్టు చెయ్యెత్తాలి, అది వాళ్ళ పద్ధతి. చెరువు మూల డౌవె అన్నాడు, డౌవె ఎత్తాడు. గాలిమర వెనకది ఇంకొకరిది. కరకట్ట కిందిది హింకె అని చదివి, సీప్ ఆమెకేసి చూశాడు.

హింకె చెయ్యెత్తింది. బల్లల చుట్టూ ఉన్నవాళ్ళందరూ, ఇంత మాట జరిగాక సహజమే, ఆ చేతికేసి చూశారు. అది దీపాల కింద నిటారుగా, కాస్తయినా కదలకుండా నిలబడింది. ఈ నెలంతా ఆమె కోరుకున్నది ఆ చూపుల్నే. సీప్ కూడా చూస్తున్నాడు. ఆమె దాన్ని వెంటనే దించేసి, ఒళ్ళో రెండో చేతి కింద పెట్టుకుంది.